నైజం గడి కొట్టేయండి

తెలుగులో మన ఆట కోసం జీవుల పుస్తకం తయారుచేస్తున్న మిత్రులకు,

మీరు పంపిన చిత్తు ప్రతి అందింది. రెండు రాత్రులు కూర్చుని అట్ట నుంచి అట్టదాకా చదివాను. పదకొండేళ్లుగా విజయనగరంలో ఈ ఆట నడుపుతున్నాను. తలొక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ, కథని మాటల్లోనే నడిపించే ఆట ఇది. ఇన్నాళ్లూ ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అందులో ఉన్నది అప్పటికప్పుడు తెలుగు చేసి పిల్లలకి చెప్పడమే నా పని. అలాంటిది కొరివి దెయ్యానికీ బ్రహ్మరాక్షసికీ హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలకి ఓర్చుకుంటాయో చెప్పే అంకెలు, కట్టిన పేజీలు మన అక్షరాల్లో చూసేసరికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ బొమ్మలు వేసిన అమ్మాయికి నా దణ్ణాలు చెప్పండి.

అయితే ప్రతి జీవి పేరు కిందా మీరొక గడి పెట్టారు. దానికి ‘నైజం’ అని పేరు పెట్టారు. పరాయి కథల్లోంచి వచ్చిన గోబ్లిన్లకీ ఓర్కులకీ, మన రాక్షసుడికీ అదే గడి. గోబ్లిన్: నైజం చెడు. ఓర్క్: నైజం చెడు, కట్టుబాటు లేదు. రాక్షసుడు: నైజం చెడు, కట్టుబాటు ఉంది. ఆ గడి తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం. మీకు విడిగా రాసి ఊరుకోవచ్చు. కానీ పుస్తకం అచ్చయ్యాక దాన్ని ముందు పెట్టుకుని ఆడించేది ఊరూరా ఉన్న గేమ్ మాస్టర్లు, వినేది పిల్లలు. ఈ సంగతి వాళ్లకి కూడా తెలియాలని అందరి ముందూ రాస్తున్నాను.

‘నైజం’ అన్న మాట ఎంత బరువైనదో ఒక్కసారి ఆలోచించండి. ఇంగ్లీషులో అలైన్‌మెంట్ అంటే ఎవడు ఏ పక్షాన నిలబడ్డాడు అని. పక్షం మారొచ్చు. నైజం అంటే పుట్టుక. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటారు చూశారా, ఆ బుద్ధి. మొదట్లో ఆటలో ఉన్నది నిజంగా పక్షమే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు అందులో మంచీ చెడూ అన్న గీత లేదు. లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (ఎటూ కాకపోవడం), కేయాస్ (కట్టుబాటు లేకపోవడం) అని మూడే. యుద్ధపు ఆటల్లోంచి పుట్టిన ఆట కదా, ఎవర్ని ఏ సైన్యం వైపు నిలబెట్టాలో చెప్పడానికి అది సరిపోయింది. 1976లో గైగాక్స్ ఒక వ్యాసం రాసి మంచి, చెడు అనే రెండో గీత గీశాడు. 1977లో జీవుల పుస్తకం, 1978లో ఆటగాళ్ల పుస్తకం వచ్చేసరికి తొమ్మిది గళ్ల పట్టిక స్థిరపడిపోయింది.

ఆ 1977 పుస్తకంలో ఓర్క్ ‘లాఫుల్ ఈవిల్’, అంటే కట్టుబాటు ఉన్న చెడు. 2000లో వచ్చిన మూడో కూర్పులో అదే ఓర్క్ ‘కేయాటిక్ ఈవిల్’, కట్టుబాటు లేని చెడు. ఈ మధ్యలో ఓర్కులు ఏం చేశారు? ఏమీ చెయ్యలేదు. పుస్తకం రాసేవాళ్లు మారారు, అంతే. ఒక జాతి మొత్తానికి పుట్టుకతోనే ఉందన్న గుణం, పెన్ను పట్టుకున్న మనిషిని బట్టి మారిపోతే అది పుట్టుక ఎలా అవుతుంది?

ఆటగాడు తన పాత్రకి తను అలైన్‌మెంట్ రాసుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది అతను తీసుకున్న నిర్ణయం. ఆట నడుస్తుండగా మనసు మారితే కొట్టేసి ఇంకొకటి రాసుకుంటాడు. ఆ వీలు బల్లకి అవతలి వైపు నిలబడ్డవాడికి కూడా ఉండాలన్నదే నా మాట.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

మూడు లాంతర్లకి దగ్గర్లో ఒక మేడ మీద గదిలో మేం ఆడతాం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలు. ఫ్యాన్ వేస్తే పాత్రల వివరాలు రాసుకున్న క్యారెక్టర్ షీట్లు ఎగిరిపోతాయి, ఆపితే చెమట. అందుకని షీట్ల మీద స్టీలు గ్లాసులు బోర్లించి పెట్టుకుంటాం. డైస్ వేయడానికి ఒక పళ్లెం, అడుగున తువ్వాలు. నాలుగేళ్ల కిందట ఇంటర్ చదివే కుర్రాడొకడు చేరాడు. మాట తక్కువ, వినడం ఎక్కువ. ఆ రోజు పార్టీ, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టు, కొండ దాటుతోంది, గోబ్లిన్ల గుంపు ఎదురైంది. నేను ఎప్పటిలాగే గొంతు పెంచి చెప్పాను: "వీళ్లు పుట్టు దొంగలు. పాలు తాగే వయసు నుంచే దొంగబుద్ధి. వీళ్ల మాట నమ్మకండి, వీళ్లకి వీపు చూపించకండి."

అందరూ డైస్ అందుకున్నారు. ఆ కుర్రాడు మాత్రం చేతిలో ఉన్న ఇరవై ముఖాల డైస్‌ని పళ్లెంలో వెయ్యకుండా తువ్వాలు అంచు మీద పెట్టాడు. చప్పుడు కాకుండా, గుడ్డుని పెట్టినట్టు.

"పుట్టు దొంగంటే ఏటి సార్?" అన్నాడు.

పుస్తకంలో అలా ఉందన్నాను.

"మా ముత్తాత రోజూ రాత్రి టేసన్‌కెళ్లి ఏలిముద్ర ఏసొచ్చీవోడంట సార్. ఏ దొంగతనం సెయ్యకపోయినా. మా తాత సెప్తాడు."

అంతే. ఆట అయ్యేదాకా కూర్చున్నాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

1871లో తెల్లదొరలు ఒక చట్టం చేశారు. కొన్ని తెగల పేర్లు రాసి, వీళ్లు పుట్టుకతోనే నేరస్తులు అన్నారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పట్లో మన ప్రాంతం అందులోదే. ఆ జాబితాకెక్కిన తెగలో పుడితే చాలు, పోలీసుల దగ్గర పేరు నమోదు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. కొందర్ని కుటుంబాలతో సహా తీసుకెళ్లి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం దేశం మొత్తం మీద పోలేదు. చట్టం పోయినా మాట ఉండిపోయింది. ఆ మాటే నా నోట్లోంచి ఆ ఆదివారం వచ్చింది. ఆ చట్టం చేసిన పనిని మీ పట్టిక భాషలో చెప్పాలంటే ఇంతే: తెగ పేరు, దాని పక్కన నైజం.

నాలుగో వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల తాత అరుగు మీద చాప వేసి టీ తెప్పించాడు. తప్పయిందని చెబితే "ఆటలో మాటకి ఇంత దూరం వచ్చీసేరా బాబూ" అన్నాడు. ఇంకేమీ అడగలేదు, నన్ను తప్పు పట్టలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం వీధి వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయన నన్ను కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కుర్రాడు ఆ ఆదివారం వచ్చాడు.

గోబ్లిన్, ఓర్క్ పరాయివాళ్ల సరుకు, మనకెందుకు ఈ గొడవ అనుకుంటారేమో. రాక్షసుడు మనవాడే కదా. 1977 పుస్తకంలోనే రాక్షసుడికి చోటు దొరికింది, పులి తలతో. అప్పటి నుంచి దాదాపు ప్రతి కూర్పులోనూ రాక్షసుడంటే లాఫుల్ ఈవిల్. 2003లో సవరించిన మూడో కూర్పులో జీవుల స్వభావానికి ముందు ‘ఎప్పుడూ’, ‘ఎక్కువగా’, ‘తరచుగా’ అని మూడు మాటలు వాడారు. ఓర్క్‌కి ‘తరచుగా’ దక్కింది. రాక్షసుడికి ‘ఎప్పుడూ’. ఎక్కడో ఒక మినహాయింపుగా తప్ప విభీషణుడు ఆ పుస్తకంలో పట్టడు.

వాళ్లు తెలియక రాశారనుకుందాం. మీరెలా దించేశారు? సింహాచలం మనకెంత దూరం? ఆ కొండ మీద స్వామికి మొదట గుడి కట్టించింది ప్రహ్లాదుడని స్థలపురాణం. ఆయన ఎవరి కొడుకు? శ్రీకూర్మం వెళ్లి తాబేలు రూపంలో ఉన్న స్వామికి దణ్ణం పెట్టుకుంటాం. ఆ తాబేలు వీపు మీద కొండని నిలబెట్టి పాముని పట్టుకుని లాగింది ఒక పక్క దేవతలు, ఇంకో పక్క దానవులు. కష్టం ఇద్దరిదీ. అమృతం పంచే వేళకి ఒక వరసకే అందింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మా పిల్లల్లో ఎవరో ఒకరు "మరి వాళ్లు చేసిన తప్పేటి?" అని అడుగుతారు. బలి చక్రవర్తి గురువు వద్దన్నా ఇచ్చిన మాట తప్పలేదు. హిడింబి కొడుకు ఘటోత్కచుడు పాండవుల కోసం ప్రాణం ఇచ్చాడు. మన కథల్లో రాక్షసుడికి తల్లి ఉంది, గురువు ఉన్నాడు, శాపం ఉంది, పంతం ఉంది. చెడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. రావణుడు పరాయివాడి భార్యని ఎత్తుకుపోయాడు, అందుకు చెడ్డవాడు. అదే కడుపున పుట్టిన తమ్ముడు వద్దని చెప్పి చెప్పి, చివరికి అవతలి పక్షానికి వెళ్లి నిలబడ్డాడు.

మీ బ్రహ్మరాక్షసి పేజీ నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. ఎందుకో చెబుతాను. అక్కడ మీరు ‘చెడు’ అని ఒక్క మాట రాసి ఊరుకోలేదు. చదువుకుని, ఆ చదువు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవాడు చచ్చి ఇలా అయ్యాడని, మర్రిచెట్టు కింద దారినపోయేవాళ్లని ప్రశ్న అడుగుతాడని, జవాబు దొరికితే విడుదలవుతాడని రాశారు. ఆ పేజీ రాసినవాళ్ల చేతికే గోబ్లిన్ పేజీ కూడా ఇవ్వండి. కొరివి దెయ్యానికి మాత్రం మీ గడి ఉంచుకున్నా నేను పోట్లాడను. అది ఎవరి పిల్లా కాదు, ఏ ఊరిదీ కాదు.

మా అమ్మది బొబ్బిలి, నాన్నది విజయనగరం. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం మా ఇంట్లో రెండు రకాలుగా జరిగింది. అమ్మ చెబితే, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకొచ్చి కోట మీద పడ్డ విజయనగరం రాజు విజయరామరాజు దుర్మార్గుడు, తర్వాత రాత్రివేళ డేరాలో దూరి అతన్ని పొడిచిన తాండ్ర పాపారాయుడు మహావీరుడు. మేనత్త చెబితే, డేరాలో పడుకున్న మనిషిని పొడవడం ఏ ధర్మం? ఆ రాజు చెల్లెలే పైడితల్లి అని మా ఊరి నమ్మకం, దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను మీద ఊరేగి అందర్నీ దీవించే తల్లి. ఇద్దరూ మనసులో ఉన్నదే చెప్పేవారు. సిరిమాను నాడు మేడ మీంచి అందరికంటే ముందు దణ్ణం పెట్టేది అమ్మే. ఏ ఊళ్లో కూర్చుని పుస్తకం రాస్తే అవతలి ఊరివాళ్ల పేరు పక్కన ‘చెడు’ అని పడుతుంది. ఓర్కులు జీవుల పుస్తకం రాసుకుంటే అందులో మనిషి పేజీ ఎలా ఉంటుందని ఒకసారి మా పిల్లలతో రాయించాను. ‘గుంపుగా వస్తారు. నిధి ఉందని తెలిస్తే వదలరు. చిన్నపిల్లల్ని కూడా చంపుతారు’ అని రాశారు. ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్లుగా మా బల్ల మీద జరిగిందే రాశారు.

ఎలుగుబంటి పేజీలో మీరు నైజం దగ్గర అడ్డగీత పెట్టి వదిలేశారు. ఇంగ్లీషు పుస్తకాలూ అంతే. మొదట్లో జంతువులకి న్యూట్రల్ అని రాసేవారు, 2008 కూర్పు నుంచి ‘అన్‌అలైన్డ్’ అన్నారు. మంచీ చెడూ ఎంచుకునే తెలివి దానికి లేదు కనక దానిమీద ఏ ముద్రా వద్దని. న్యాయమే. ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వచ్చి మనుషుల మీద పడటం మనకి కొత్త కాదు, ప్రాణాలు కూడా పోయాయి. అయినా అక్కడి రైతు "ఆకలికొచ్చింది" అంటాడు. ఎలుగులది చెడ్డ జాతి అనడు. నోరులేని జంతువు దగ్గర అంత ఆగి ఆలోచించిన పుస్తకం, మాట్లాడేవాడి దగ్గర, పిల్లల్ని పెంచుకునేవాడి దగ్గర, సంతకెళ్లి బేరమాడేవాడి దగ్గర ఆగలేదు. ఎంచుకునే తెలివి ఉన్నవాడికే ఎంచుకునే వీలు లేకుండా చేసింది.

ఇక చిల్లంగి, అంటే చేతబడి, గురించిన నలభై రెండో పేజీ. మిగతావాటి గురించి బతిమాలుతున్నాను, దీని గురించి గట్టిగానే చెబుతున్నాను. ‘చిల్లంగి ముసలి. నైజం చెడు. పసిపిల్లల ప్రాణం తీస్తుంది.’ ఇక్కడ గడి మారిస్తే చాలదు, ఆ పేజీ మొత్తం తీసేయండి. కొరివి దెయ్యమని ఏ ఊళ్లోనూ బతికున్న మనిషిని పట్టుకుని కొట్టరు. చిల్లంగి పేరు చెప్పి కొడతారు. మన ఏజెన్సీ ఊళ్లలో ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మీరూ పేపర్లో చదివే ఉంటారు.

శ్రీకాకుళం జిల్లాలో మా అత్తవారి ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎప్పుడో ఎవరింట్లోనో చంటిపిల్ల జ్వరంతో పోయింది. అంతకుముందు రోజు ఈవిడ ఆ పిల్లని ఎత్తుకుందట. ఇక అంతే, ఊళ్లో ఆవిడ చేతి మజ్జిగ తాగేవాళ్లు లేరు. నేను చూసేనాటికి ఆవిడకి ఒక అలవాటు వచ్చేసింది. వీధిలో పిల్లలు ఎదురైతే తనే గోడ వైపు తిరిగి నిలబడిపోయేది, వాళ్లు దాటిపోయేదాకా. తన చూపు పడిందని రేపు ఎవరూ అనకుండా. పైట చెంగు కూడా మొహం మీదికి లాక్కునేది. కొత్త అల్లుణ్ణని నోరు మూసుకున్నాను, ఒక్కనాడైనా వెళ్లి పలకరించలేదు. మీ బొమ్మలో ముసలామె సరిగ్గా ఆ వీపుతోనే వంగి ఉంది.

మీలో ఒకరు నాతో ఫోన్లో అన్నారు: "ఆటే కదా మాస్టారూ. పైగా ఆడించేవాడికి టైం ఎక్కడుంటుంది? ఇటు ఐదుగురు ఆటగాళ్లు, అటు తొమ్మిది మంది గోబ్లిన్లు. చెడు అని ఒక్క మాట ఉంటే చకచకా నడిపించేయొచ్చు." ఇది నిజమైన ఇబ్బందే. కొత్తగా ఆడించేవాళ్లకి మరీ టెన్షన్. కానీ ఆ మాట ఏ పనికొస్తుందో చూడండి. గోబ్లిన్ పారిపోతాడా, లొంగిపోతాడా, దెబ్బ తిన్న తన తోడువాణ్ణి ఈడ్చుకెళ్తాడా? ‘చెడు’ అని చదివితే వీటిలో ఒక్కటీ తెలియదు.

మా బల్ల దగ్గర ఇప్పుడు ఆ చోట ‘నడత’ అని రాసుకుంటున్నాం. వీడికి ఇప్పుడు ఏం కావాలి, దేనికి భయం, ఎవరి మాట దాటడు. కొండ దారి గోబ్లిన్‌కి ఉప్పు కావాలి. కుక్కలంటే భయం. మేనమామ మాట దాటడు. చదవడానికి ఎంతసేపు పడుతుంది? మొదటిసారి అలా ఆడించిన రోజు మా పార్టీ కత్తులు తియ్యకుండా ఉప్పు మూట విప్పింది. బేరం సగం దాకా నడిచి చెడిపోయింది, చివరికి కొట్టుకున్నారు కూడా. ఇద్దరు గోబ్లిన్లు చచ్చిపోయారు. పెద్ద అంకె పడితే ఎప్పుడూ కేకలు వేసే పిల్లలు ఆ రోజు వెయ్యలేదు. ఒకమ్మాయి "ఆ మేనమామకి ఎవరు చెప్తారు?" అని అడిగింది. తర్వాతి రెండు సెషన్లు ఆ ప్రశ్న మీదే నడిచాయి.

చెడ్డవాళ్లు లేకపోతే ఆట చప్పబడిపోతుందన్న భయం పెట్టుకోకండి. మా ఆటలో పిల్లలు పళ్లు నూరుకుని అసహ్యించుకున్న విలన్ ఒకడున్నాడు. గోబ్లిన్ పల్లెకి ఉప్పు అప్పిచ్చి, వడ్డీ మీద వడ్డీ కట్టి, ఊరు మొత్తాన్ని వెట్టికి రాయించుకున్న షావుకారు. మనిషే. వాడి షీటు మీద చెడు అని ఎక్కడా రాయలేదు. వాడి చిట్టా పుస్తకం పిల్లల చేతికి దొరికేలా చేశాను, మిగతాది వాళ్లే చదువుకున్నారు.

ఆ ఆట సొంతదారులు కూడా ఈ విషయంలో కదిలారు. ఓర్కులు, నేల కింద బతికే డ్రౌ లాంటి జాతుల్ని మొత్తంగా చెడ్డవాళ్లుగా చూపిన తీరు, నిజమైన మనుషుల జాతుల మీద వేసిన నిందల్లాగే ఉందని 2020లో ఒప్పుకున్నారు. 2022 పుస్తకంలో స్వభావానికి ముందు ‘సాధారణంగా’ అని చేర్చారు. 2024 ఆటగాళ్ల పుస్తకంలో ఓర్క్‌గా ఆడొచ్చు, 2025 జీవుల పుస్తకంలో ఓర్క్‌కి శత్రువుగా వేరే పేజీ లేదు. ఇంతవరకూ బాగుంది. అయితే అదే పుస్తకంలో హైనా తల ఉండే నోల్‌లని మనుషుల లాంటి జీవుల వర్గంలోంచి తీసి పిశాచాల వర్గంలో వేసి, ‘కేయాటిక్ ఈవిల్’ని అలాగే ఉంచారు. ఇది నాకు నచ్చలేదు. ముద్ర వెయ్యడం తప్పని తెలిస్తే ముద్ర చెరపాలి. ముద్ర ఉన్నా ఎవరూ ఏమీ అనని చోటికి వాళ్లని నెట్టేయడం సులువైన పని. మీకు ఆ అవసరం లేదు, మీ పుస్తకం ఇంకా పెన్సిల్ దశలోనే ఉంది.

ఆ కుర్రాడిది ఇప్పుడు డిగ్రీ ఆఖరి ఏడాది. వారం విడిచి వారం మా బల్ల దగ్గర ఆట నడిపేది తనే. గోబ్లిన్ పేజీ తను తిరగరాశాడు, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ‘వీళ్ల ఊరి పేరు ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అందుకని వీళ్లూ చెప్పరు’ అని మొదలవుతుంది. పక్కన బొమ్మ కూడా వేశాడు, నడుముకి ఉప్పు మూట కట్టుకున్న గోబ్లిన్. వాడుకోవాలనుకుంటే అతన్నే అడగండి. పేరు వెయ్యాలో వద్దో కూడా అతనే చెబుతాడు.

అచ్చుకి ఇచ్చేముందు ఒక ఆదివారం రండి. మూడింటికల్లా మేడ మీదికి వచ్చేయండి. డైస్ మీవి తెచ్చుకోండి, షీట్లు మేం ఇస్తాం. ఈసారి మీరు గోబ్లిన్ల వైపు.

ఇట్లు,
ఒక గేమ్ మాస్టర్,
విజయనగరం